రైఖాన్ అక్క ఫ్లాస్కు

విమానంలో ఉద్యోగం వచ్చిందని చెప్పగానే మా అమ్మ అడిగిన మొదటి మాట, "మరి నిద్రెక్కడ పోతావే?" అని. నేను నవ్వాను. మా అమ్మ గొర్రెల మంద వెంట పెరిగిన మనిషి. పొద్దు వాలితే పడక, పొద్దు పొడిస్తే లేవడం. ఆమెకు నిద్ర అనేది చోటుకి సంబంధించిన విషయం. నేను తాల్దికొర్గాన్ పట్నంలో జీవశాస్త్రం చదివాను. మా ఇంట్లో డిగ్రీ పట్టా చేతికి తీసుకున్న మొదటి మనిషిని నేనే. కంట్లో పడే వెలుతురును బట్టి మెదడు పగలూ రాత్రీ లెక్క కడుతుందనీ, ఆ లెక్క తప్పితే ఒళ్ళంతా తప్పుతుందనీ పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అందుకే అమ్మకు ధైర్యంగా చెప్పాను, ఎక్కడ పడితే అక్కడ పోతానులే అని.

ఆరు నెలలు తిరక్కుండానే ఆ ధైర్యం కాస్తా పోయింది. అల్మాటి నుంచి ఒక వారం తూర్పుకి సియోల్, మరుసటి వారం పడమటికి లండన్. సియోల్‌లో జనం మధ్యాహ్నం భోజనానికి కూర్చునే వేళకు నా కడుపు ఇంకా నిద్రలోనే ఉండేది. లండన్‌లో కళ్ళు మూతలు పడే వేళకు బయట ఎండ కాసేది. ఇంటికి వచ్చాక అసలు ఏ వేళకి ఏం చేయాలో తెలిసేది కాదు. ముక్కులోంచి రక్తం వచ్చేది. చెప్పులు విప్పితే మళ్ళీ పట్టేవి కావు. నాన్న ఫోన్ చేసి ఎక్కడున్నావని అడిగితే, కిటికీ తెర తీసి చూసి మరీ చెప్పేదాన్ని.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది లారిసా త్సోయ్ గది. మా దగ్గర ప్రతి ప్రయాణానికి ముందు సిబ్బంది అంతా డాక్టరు ముందు కూర్చుని చెయ్యి చాపాల్సిందే. లారిసా మా విమానాశ్రయంలోనే జుట్టు నెరిసిన కొరియన్ డాక్టరు. ఎక్కువ మాట్లాడదు. చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, నాడి చూసి, కనురెప్ప కిందికి లాగి చూస్తుంది. నచ్చకపోతే, "ఈ రోజు వద్దు, ఇంటికి వెళ్ళి పడుకో" అంటుంది. నన్ను అలా రెండుసార్లు పంపేసింది. రెండోసారి పంపుతూ, ఇంకోసారి ఇలా వస్తే వైద్యుల బోర్డుకి రాయాల్సి వస్తుందని కూడా చెప్పింది. బోర్డు ఫిట్‌నెస్ ఆపేసిందంటే ఎగరడం అయిపోయినట్టే. మా ఊళ్ళో నా తరవాత చదువుకుంటున్న ఆడపిల్లలకు నన్ను చూపించి మాట్లాడేవాళ్ళు. నేను దిగి రావడమంటే నా ఒక్కదాని సంగతి కాదని నాకు తెలుసు.

ఆ రెండోసారి, గది బయట బెంచీ మీద కూర్చుని ఏడుపు ఆపుకుంటూ ఉంటే రైఖాన్ అక్క వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ మా అందరికీ సీనియర్. నేను బళ్ళోకి కూడా పోనప్పటి నుంచీ ఎగురుతోందని చెప్పుకునేవాళ్ళు. ముఖంలో ఎక్కడా వాపు లేదు, కళ్ళ కింద నలుపు లేదు. ఏ విమానం దిగినా, అప్పుడే ఇంట్లోంచి తలదువ్వుకుని వచ్చినట్టు ఉండేది.

"ఎవరి పిల్లవి నువ్వు? ఎటువైపు?" అని అడిగింది.

తోర్గిన్ అని నా పేరూ, జార్కెంట్ దగ్గర మా ఊరి పేరూ చెప్పాను.

"అదీ సంగతి. మా కొండకి అవతలి పక్క. ఇన్నాళ్ళూ చెప్పవేం? మన వైపు పిల్ల ఇలా తోటకూర కాడలా వాలిపోతే నాకు నామర్దా కాదూ!"

అప్పటి నుంచి నన్ను తన వెంట వేసుకుంది. రోస్టరు రాసేవాళ్ళతో మాట్లాడి నన్ను తన జట్టులోకి మార్పించింది. ఆమె నేర్పినవి ఏ పుస్తకంలోనూ ఒకచోట దొరకవు. దాహం వేయకముందే నీళ్ళు తాగాలంది. కాఫీ, విమానం ఎక్కిన కొత్తలో తాగితే తాగు, సగం దారి దాటాక ముట్టుకోవద్దంది. బిగుతు మేజోళ్ళు లేకుండా విమానం మెట్టు ఎక్కనివ్వలేదు. ప్రయాణికులు నిద్రపోతున్నప్పుడు ఊరికే కూర్చోకుండా ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించేది. ఒక్క పూట మకామైతే గడియారం మార్చనే వద్దు, అల్మాటి వేళకే తిను, అల్మాటి వేళకే పడుకో. రెండు మూడు రోజులుండేట్టయితే మాత్రం దిగిన పొద్దుటే, కళ్ళు మండుతున్నా సరే, ఎండలోకి వెళ్ళి నిలబడు అనేది. పైన ఉన్నంతసేపూ మాంసం వద్దు, పిండివంటలు వద్దు, పల్చటి సూపు చాలు అనేది. గదిలో చలిగా ఉండాలి, చీకటిగా ఉండాలి, ఫోను బాత్‌రూములో పెట్టి తలుపు వేయాలి.

ముక్కు ఎండిపోకుండా గొర్రె తోక కొవ్వు రాయించింది. మా నాయనమ్మ జలుబుకి రాసే కొవ్వే. దాన్ని క్రీము డబ్బాలో పెట్టి ఇచ్చింది. మిగతా అమ్మాయిలు ముక్కులు మూసుకుని, "మీ ఇద్దరి పక్కన నిలబడితే పెళ్ళి విందుకి వచ్చినట్టుందే, వడ్డన ఎప్పుడు?" అని ఏడిపించేవాళ్ళు. కిందికి దిగేటప్పుడు చెవులు పట్టేయకుండా ఎండబెట్టిన పెరుగు ఉండ ఒకటి బుగ్గన పెట్టుకోమనేది. చప్పరిస్తుంటే గుటక పడుతుంది, ఉప్పూ అందుతుంది. ఏప్రాన్ జేబులో ఎప్పుడూ నాలుగు ఉండలు గలగలలాడుతుండేవి.

ఇవన్నీ నిజాలే. ఈ రోజుకీ వీటిలో ఒక్కటీ తప్పని నేను చెప్పలేను. నాకు బాధ కలిగించేది కూడా అదే.

ఇక ఫ్లాస్కు సంగతి. హోటల్ చేరాక, స్నానాలు అయ్యాక, రైఖాన్ అక్క తన గదికి పిలిచేది. ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన పాత ఫ్లాస్కు ఒకటి ఎప్పుడూ ఆమె సంచీలో ఉండేది. అందులో టీ. కొండ మీద వాళ్ళమ్మ ఏరి ఎండబెట్టిన ఆకులనీ, పుదీనా, ఇంకా ఏవో అడవి పూలు వేసి కాచిందనీ చెప్పేది. పిడి లేని చిన్న కప్పులు రెండు తువ్వాలులో చుట్టి తెచ్చుకునేది. హోటల్ గాజు గ్లాసుల్లో టీ తాగడం ఆమెకు అవమానం.

మా ఇళ్ళల్లో టీ పోసేది చిన్నవాళ్ళు. పెద్దవాళ్ళ ముందు కూర్చుని, కప్పులో అడుగున కాస్త పోసి ఇవ్వాలి. తాగి ఇస్తే మళ్ళీ కాస్త. అలా ఎన్నిసార్లు పోస్తే అంత మర్యాద. నిండా పోసి ఇచ్చామంటే, ఇది తాగి ఇక లేవండి అని చెప్పినట్టు. ఈ సంగతి మా దగ్గర నడక వచ్చిన పిల్లకి కూడా తెలుసు. మొదటిసారి నేను ఫ్లాస్కు అందుకోబోతే ఆమె చేయి అడ్డం పెట్టింది.

"కూర్చో పిల్లా. పగలంతా మూడొందల మందికి పోశావు, చాలదా?"

"మీరు పోస్తే నేనెలా తాగనక్కా? మా అమ్మ వింటే చంపేస్తుంది."

"మీ అమ్మ ఇక్కడ లేదుగా. ఈ గదిలో నేను చెప్పినట్టే."

అంతే. ఎన్ని ప్రయాణాలు చేసినా ఆ ఫ్లాస్కు నా చేతికి ఇవ్వలేదు. ఎప్పుడూ ఆమే పోసేది. నాకూ తనకూ, అడుగున కాస్త, మళ్ళీ కాస్త. నా కన్నతల్లి కూడా నన్ను అలా కూర్చోబెట్టి పోయలేదు. ఆ తరవాత నా గదికి వెళ్ళి పడుకుంటే, బయట సియోల్ పట్టపగలు మోగిపోతున్నా, చంటిపిల్లలా నిద్రపోయేదాన్ని. లారిసా గదిలో చెయ్యి చాపడానికి ఇక భయం లేకపోయింది. ఒకసారి ఆవిడ నా నాడి చూసి, "నీకిప్పుడు ఏం ఇస్తున్నారు, కొత్త గుండె పెట్టారా?" అని కూడా అంది. లారిసా జోకు వేయడం నేను విన్నది అదొక్కసారే.

నా ఆరోగ్యం చూసి కంపెనీ వాళ్ళు కొత్తగా చేరిన అమ్మాయిలకు క్లాసు చెప్పమన్నారు. దూర ప్రయాణాల్లో ఒళ్ళు కాపాడుకోవడం ఎలా అని. నేను చాలా శ్రద్ధగా తయారయ్యాను. వెలుతురు గురించి, నీళ్ళ గురించి, నడక గురించి, రైఖాన్ అక్క చెప్పినవన్నీ నా చదువుతో కలిపి చెప్పాను. మాత్రలు వేసుకోకుండానే నిద్రపోవచ్చనీ, దానికి నేనే సాక్ష్యమనీ గొప్పగా చెప్పాను. కొండ ఆకుల టీ గురించి కూడా చెప్పాను. ఆ ఆకులు నరాలను ఎలా నెమ్మదింపజేస్తాయో బోర్డు మీద బొమ్మ గీసి వివరించాను. వెనక వరసలో కూర్చున్న రైఖాన్ అక్క తల ఊపుతూ విన్నది. క్లాసయ్యాక నా భుజం తట్టింది.

మధ్యలో ఒకటి రెండుసార్లు వేరే సీనియర్‌తో వెళ్ళాల్సి వచ్చింది. అన్నీ అలాగే చేశాను. చీకటి, చలి, ఫోను బాత్‌రూములో. నిద్ర మాత్రం రాలేదు. అక్క పక్కన లేకపోవడం వల్ల బెంగేమో అనుకున్నాను. ఈ మాట ఆమెతో అంటే మెత్తగా నవ్వి, మరుసటి వారం చిన్న గుడ్డ మూటలో ఆకులు కట్టి ఇచ్చింది, ఇంట్లో కాచుకోమని. కాచుకున్నాను. వాసన అదే, రుచీ దాదాపు అదే. తెల్లవారేదాకా టీ కప్పు చూస్తూ కూర్చున్నాను. నాకు కాచడం చేతకాలేదనుకున్నాను. పల్లెటూరి పిల్లని అయ్యుండి టీ కాచడం రాదేమిటని సిగ్గేసి, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

శరదృతువులో నా ఏడాది పరీక్ష వచ్చింది. గుండె, చెవులు, కళ్ళు, రక్తం, మూత్రం. ఏటా అందరికీ ఉండేదే, ఎవరి నెలలో వాళ్ళకి. నా నెల అది, రైఖాన్ అక్కది వసంతంలో. పరీక్షకు ముందు ప్రయాణం కూడా ఆమెతోనే చేశాను. గదిలో మామూలుగానే కూర్చున్నాం. మామూలుగానే పోసింది.

లారిసా నన్ను పిలిపించింది. తలుపు దగ్గరికి వేసి, ఎదురుగా కూర్చుని, ఏం మాత్రలు వేసుకుంటున్నావని అడిగింది. ఏమీ లేవన్నాను. మూత్రంలో నిద్రమాత్ర జాడ కనిపించిందంది. అది ఎగిరేవాళ్ళు వేసుకోకూడని రకం. ఒక్కసారి వేసుకున్నది కూడా కాదు, చాలాకాలంగా అలవాటున్నట్టు ఉందట. ల్యాబులో సీసాలు మారిపోయి ఉంటాయన్నాను. ఆవిడ ఇంకో సీసా ఇచ్చింది. ఆ ఫలితం కూడా అదే వచ్చింది.

"వచ్చే వారం బోర్డు కూర్చుంటుంది. అది నీ ఒంట్లోకి ఎలా వచ్చిందో చెప్పగలిగితే నీ ఫిట్‌నెస్ నిలుస్తుంది. తెలియదంటే నిలవదు" అంది లారిసా.

నేను నేరుగా రైఖాన్ అక్క ఇంటికి పోయాను. ఇంకెక్కడికి పోతాను? ఆమె నన్ను పట్టుకుని కూర్చోబెట్టింది, నా కన్నీళ్ళు తన రుమాలుతో తుడిచింది. ఆ ల్యాబు ఎప్పుడూ అంతేననీ, కంగారు పడవద్దనీ అంది. బోర్డు ముందు మాత్రం పంటినొప్పికి ఎవరో ఏదో మాత్ర ఇస్తే పేరు చూడకుండా వేసుకున్నానని చెప్పమంది. ఆకుల టీ గురించి ఎత్తవద్దు, చదువుకున్నదానివి అయ్యుండి నాటువైద్యం అంటే నవ్వుతారు అంది. సరేనని తల ఊపి బయటపడ్డాను.

ట్రాలీబస్సులో కూర్చున్నాక ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. పంటినొప్పి మాత్ర ఒకసారి వేసుకుంటారు. లారిసా మాత్రం చాలాకాలంగా ఉన్న అలవాటంది. అక్కకి ఆ సంగతి నేను చెప్పాను కూడా. అయినా ఒక్క మాత్ర కథ చెప్పమంది. టీ గురించి ఎవరూ అడగకముందే ఎత్తవద్దంది. ఇంటికి పోయి గుడ్డ మూట విప్పి చూశాను. పుదీనా, ఎండు పూలు, పుల్లలు. వాటిని చాలాసేపు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. ఇవి తాగితే నాకు నిద్ర రాలేదు. ఫ్లాస్కులోది తాగితే వచ్చింది. వేరే సీనియర్‌తో వెళ్తే రాలేదు. జీవశాస్త్రం చదివిన దాన్ని. ఇదే ప్రయోగం పుస్తకంలో ఉంటే రెండు వాక్యాల్లో జవాబు రాసేదాన్ని.

మరునాడు మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాను. ఆమె బల్ల మీద రొట్టె, వెన్న, జామ్ పెట్టి టీ పోస్తోంది. కిటికీలోంచి కొండల మీద మంచు తెల్లగా కనబడుతోంది.

"అక్కా, ఫ్లాస్కులో ఏముండేది?"

పోస్తున్న చెయ్యి ఆగలేదు. "ఆకులు."

"ఆకులు నా దగ్గరా ఉన్నాయి. వాటితో నిద్ర రాదు."

కప్పు నా ముందుకి జరిపింది. పాలు పోసింది. చెంచా తుడిచి పక్కన పెట్టింది. "మాత్రలు" అంది, టీలో పంచదార ఎంత వేసిందో చెప్పినట్టు.

"ఎప్పటి నుంచి?"

"నువ్వు జడకి రిబ్బన్లు కట్టుకునే రోజుల నుంచి. ఏమనుకున్నావు పిల్లా, నీళ్ళు తాగి, ఎండలో నిలబడి ఇన్నేళ్ళు ఎగిరాననుకున్నావా? ఒళ్ళు ఇనుముదా?"

"మరి మీ పరీక్షలో?"

"వసంతంలో సెలవు పెట్టి ఊరికి పోతాను కదా."

గొర్రెలు ఈనే కాలమనీ, అమ్మకు చేతిసాయమనీ ఏటా అందరికీ చెప్పేది. ఆ సెలవు కోసం మేమందరం డ్యూటీలు మార్చుకుని సర్దుకునేవాళ్ళం.

"అక్కడ మాత్ర ముట్టకుండా పడుకుని ఇంటి కప్పు చూస్తుంటాను. ఒక్క కునుకు ఉండదు. ఒళ్ళంతా వణుకు. అమ్మ జ్వరం అనుకుంటుంది" అంది.

"మీరు తాగితే తాగారు. నాకెందుకు పోశారు?"

అప్పుడు మొదటిసారి నా మొహంలోకి చూసింది. "తలుపేసుకుని ఒక్కదాన్నే తాగితే అది మందు. ఎదురుగా ఒక మనిషి కూర్చుంటే టీ. నాకు టీ తాగాలనిపించేది, తోర్గిన్."

"నా పరీక్ష ఈ నెలేనని మీకు తెలుసు."

"తెలుసు."

"అయినా పోశారు."

"అప్పుడు ఆపితే, ఇన్నాళ్ళు పోసి ఇప్పుడెందుకు పోయట్లేదని అడుగుతావు కదా. ఏం చెప్పేదాన్ని?"

ఆమెకి కోపం వచ్చినా, అబద్ధమాడినా తట్టుకునేదాన్నేమో. ఆమె ఏదో ఇంటి ఇబ్బంది చెప్పుకుంటున్నట్టు చెప్పింది. బోర్డులో ఈ సంగతి నేను చెప్పక తప్పదన్నాను. ఆమె లేచి వచ్చి నా పక్కన కూర్చుంది.

"నీ నోటి వెంట నా పేరు రానీయకు. నేనే వస్తాను. నేనే చెప్పుకుంటాను. పెద్దదాన్ని, నా అంతట నేను చెప్పుకుంటే కాస్త మర్యాద మిగులుతుంది. ఆ మాత్రం చెయ్యవూ నాకు?"

బల్ల మీది రొట్టె మీద చెయ్యి పెట్టింది. మా దగ్గర రొట్టె మీద చెయ్యి పెట్టి అన్న మాట ఎవరూ తప్పరు. తప్పిన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. సరేనన్నాను.

ఆ వారంలో లారిసా మరొకసారి పిలిచి, రాసి ఇవ్వడానికి ఏమైనా ఉందా అని అడిగింది. బోర్డులోనే చెప్తానన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. "నువ్వు ఎవరికోసమో ఆగుతున్నావు. వాళ్ళు వస్తారని నమ్మకముందా?" అంది. ఉందన్నాను.

బోర్డు పొద్దున్నే, విమానాశ్రయం వెనక భవనంలో. పొడుగాటి బల్ల. అధ్యక్షుడు సపర్‌గలి గారు, తెల్ల మీసాల పెద్దాయన, ఒకప్పుడు విమానాల్లో డాక్టరు. ఇద్దరు సభ్యులు. చివర లారిసా. రైఖాన్ అక్క చెప్పినట్టే వచ్చింది. ఇస్త్రీ యూనిఫారం, మెడలో రుమాలు, భుజాన సంచీ. నన్ను చూసి కళ్ళతోనే ధైర్యం చెప్పింది. నా గుండె దిటవు పడింది.

ఆమె నిలబడి మాట్లాడటం మొదలుపెట్టింది. "ఈ పిల్ల నాకు చెల్లెలి లాంటిది. జరిగిన దాంట్లో తప్పు నాది" అంది.

నేను తల వంచుకున్నాను. ఆమె మీద జాలి కలిగింది.

"నేను కనిపెట్టుకుని ఉండాల్సింది. నిద్ర పట్టక చాలా అవస్థ పడేది. సియోల్‌లో మందుల షాపులోకి వెళ్ళడం నా కళ్ళతో చూశాను. వద్దమ్మా, అలవాటైపోతుందన్నాను. పల్లెటూరి నుంచి వచ్చింది, పేరు పోతుందని భయం. నాతో కూడా దాచింది. మీరు పెద్దలు, చిన్నపిల్ల అని క్షమించి వదిలేయండి."

ఆ గొంతులో ప్రేమ ఉంది. ఇంతకాలం నాకు నీళ్ళు తాగమనీ, మేజోళ్ళు వేసుకోమనీ చెప్పిన గొంతే. కాసేపటి వరకు ఆ మాటలు నా గురించేనని నాకు తెలియలేదు. తెలిశాక లేచి నిలబడ్డాను. అంతా చెప్పాను. ఫ్లాస్కు, గది, ఆకుల మూట, రొట్టె మీద చెయ్యి. మాటలు తడబడ్డాయి. ముందు చెప్పాల్సింది వెనక చెప్పాను.

సపర్‌గలి గారు గడ్డం నిమురుకున్నారు. "మాత్రలు లేకుండా నిద్రపోవడానికి నేనే సాక్ష్యం అని క్లాసులో చెప్పింది నువ్వే కదమ్మా? ఆ టీని కూడా నువ్వే మెచ్చుకున్నావట. ఇప్పుడు ఆ టీలోనే మందు అంటున్నావు" అన్నారు.

జవాబు చెప్పబోయేలోగా రైఖాన్ అక్క సంచీ తెరిచి ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది. అదే ఫ్లాస్కు. ఆకుపచ్చ పెచ్చులు. "పిల్ల భయంలో ఏదేదో అంటోంది, నాకేం కోపం లేదు. ఈ టీయే అది. అనుమానముంటే మీరే తాగి చూడండి" అంది.

సభ్యుల్లో ఒకాయన నవ్వాడు. సపర్‌గలి గారు కూడా మెత్తబడ్డారు. బల్ల మీదికి టీ వచ్చాక తాగకుండా పంపడం పద్ధతి కాదన్నారు. పక్క గదిలోంచి కప్పులూ సాసర్లూ తెప్పించారు. రైఖాన్ అక్క మూత తిప్పబోతుంటే ఆయన వారించారు.

"నువ్వెందుకమ్మా? చిన్నది ఉండగా పెద్దవాళ్ళు పోస్తారా? పొయ్యమ్మా తోర్గిన్. పోసి, అక్కకి ఒక మంచి మాట చెప్పు. అన్నీ అవే సర్దుకుంటాయి."

ఆ ఫ్లాస్కు నేను చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి. నేను అనుకున్నంత బరువు లేదు. మూత తీస్తే పుదీనా వాసన వచ్చింది. మా ఇంట్లో తెల్లవార్లూ నేను కూర్చుని చూసిన కప్పులో ఉన్న వాసన. పెద్దలనే తాగి చూడమందంటే అందులో ఆకులు తప్ప ఏమీ లేవని అప్పుడే తెలిసింది. పొద్దున్నే లేచి, నా కోసం కడిగి, కొత్తగా కాచి తెచ్చింది. రొట్టె మీద చెయ్యి పెట్టిన రోజే ఇలా చేద్దామనుకుందో, తరవాత అనుకుందో నాకు తెలియదు.

పోశాను. సపర్‌గలి గారికి అడుగున కాస్త, కుడి చేత్తో, ఎడమ చెయ్యి మోచేతికి ఆనించి. సభ్యులకు కాస్త కాస్త. లారిసాకి కాస్త. ఆయన ఒక గుక్క తాగి, బాగుందని తల ఊపారు. చివరికి రైఖాన్ అక్క ముందుకి వచ్చాను. ఆమె కప్పు ముందుకి జరిపింది, మర్యాదగా.

పొయ్యడం మొదలుపెట్టాను. సగం దాటింది. ఆమె వేలు కొద్దిగా కదిలింది, చాలు అన్నట్టు. ఆపలేదు. అంచు దాకా వచ్చింది. టీ అంచు మీద గుండ్రంగా నిలబడి, తరవాత పొర్లి సాసర్‌లోకి దిగింది. అప్పుడు మూత పెట్టాను.

సపర్‌గలి గారి చేతిలో కప్పు గాల్లోనే ఆగింది.

"పిల్లా, చూసుకో" అన్నారు నెమ్మదిగా.

"చూసుకునే పోశాను."

రైఖాన్ అక్క ముఖంలో రక్తం లేదు. పట్టపగలు నేను ఆమె ముఖం అలా చూడటం అదే మొదలు. కళ్ళ కింద వాపు, పెదాల పక్క గీతలు, ఇన్నేళ్ళ నిద్ర అంతా ఒక్కసారి వచ్చి అక్కడ కూర్చున్నట్టుంది.

లారిసా తన కప్పు పక్కకి జరిపింది. అందులో ఒక్క గుక్కా తాగలేదు. "ఇద్దరికీ పరీక్ష చేద్దాం. ఈ రోజే. సీసాలు నా దగ్గర ఉన్నాయి" అంది.

సపర్‌గలి గారు చాలాసేపు రైఖాన్ అక్క కప్పు వైపు చూశారు. ఆయనకి తెలిసింది. తెలియకుండా ఉండే మనిషి కాదు. మీసం మీద చెయ్యి వేసుకుని, "ఆమె గడువు వసంతంలో ఉంది. గడువు రాకుండా, కాగితం లేకుండా, ఒక కప్పు టీ చూసి ఎవరినీ పిలవలేం" అన్నారు. ఆ తరవాత నా వైపు చూడకుండా నా కాగితం దగ్గరికి లాక్కున్నారు. ఏడాది పాటు ఫిట్‌నెస్ ఆపుతున్నామన్నారు. ఏడాది తరవాత మళ్ళీ పరీక్షకి రావచ్చన్నారు. సంతకం పెట్టి సభ్యుల వైపు జరిపారు. వాళ్ళూ పెట్టారు. లారిసా పెన్ను అందుకోలేదు. ఆమె సంతకం లేకపోయినా చెల్లుతుందని సపర్‌గలి గారు అన్నారు.

నేను ఫ్లాస్కు మూత గట్టిగా బిగించి రైఖాన్ అక్క ముందు పెట్టాను. మా దగ్గర ఎవరింటి నుంచైనా వచ్చేటప్పుడు ఒక గుటకైనా రుచి చూసి లేవాలి. ఆ రోజు నాకంటూ ఒక కప్పు పోసుకోలేదు. ఆమె నన్ను చూస్తోంది. పిలుస్తుందేమో అనుకున్నాను. ఏమని పిలుస్తుందో కూడా ఊహించుకున్నాను, పిల్లా అని.

తలుపు దాకా నడిచాను. తలుపు తీశాను. బయటికి వచ్చి, మెల్లగా దగ్గరికి వేశాను. అంతసేపూ చెవి వెనక్కే ఉంది. సాసర్ మీంచి ఆమె కప్పు ఎత్తిన చప్పుడు మాత్రం వినపడలేదు.